మేడ మీద చేపలంగడి

మార్కెట్టు పడగొట్టబోతున్నామని మాతో ఎవరూ నోటితో చెప్పలేదు. చేపల షెడ్డు స్తంభానికి ఒక కాగితం అంటించి పోయినారు. ఆ పొద్దు నేను ఒకామెకు చందువ ముక్కలు కోసిస్తా ఉన్నాను. మా అమ్మ నా మోచెయ్యి తట్టి, "ఆ కాగితంలో ఏముందో పొయ్యి చదువు" అనింది. చేతులు కడుక్కుని పొయ్యి చదివినాను.

పాత మార్కెట్టు శిథిలావస్థకు చేరింది కాబట్టి వ్యాపారులందరూ నెలరోజుల్లో ఖాళీ చేసి, రోడ్డుకు అవతల కట్టిన కొత్త భవనంలో తమకు కేటాయించిన చోటికి పోవాలని ఉంది. కింద ఒక లిస్టు. బట్టల షాపులు, సెల్‌ఫోన్ షాపులు, ఫ్యాన్సీ షాపులు కింది అంతస్తు. కూరగాయలు వెనక బ్లాకు. చేపలు మొదటి అంతస్తు.

"మొదటి అంతస్తంటే కిందనే కదా?" అని పక్క బండ మీద రొయ్యలు ఒలిచే అక్క అడిగింది.

"కింద కాదక్కా. మేడ మీద."

ఆమె నవ్వింది. నేను తమాషా చేస్తున్నాననుకునింది. ఇంకొకసారి చెప్పినాక ఒలుస్తా ఉన్న రొయ్య చేతిలోనే పెట్టుకుని నా మొహం చూసింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది వాకాడు పక్క సముద్రం ఒడ్డున ఉండే ఊరు. మా నాయన పడవ మీద వేటకు పొయ్యేవాడు. ఆయన తెచ్చినవీ, ఒడ్డున వేలంపాటలో పాడుకున్నవీ గంపకెత్తుకుని అమ్మ తొలి బస్సుకు టౌనుకొచ్చి అమ్మేది. నేను పుట్టకముందు నుంచే ఆ షెడ్డులో ఎడమ పక్క మూడో బండ ఆమెది. నన్ను చదివించింది ఆ బండేనని జనం అంటారు గానీ నేను ఒప్పుకోను. చదివించింది అమ్మ. డిగ్రీ చేసి, బీయీడీ చేసి, అదే టౌన్లో ఒక ప్రైవేటు బళ్ళో పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. కరోనా అప్పుడు మూసిన బడి మళ్ళా తెరవలేదు. అదే సంవత్సరం అమ్మ మోకాళ్ళు అరిగిపోయినాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. "ఒక్క నెల తోడురా" అని అడిగింది. ఆ నెల ఇంకా అయిపోలేదు.

మొదట్లో నాకు సిగ్గుగానే ఉండింది. అందరూ మాస్కులు పెట్టుకునే రోజులు కాబట్టి నా మొహం కనిపించేది కాదు, అది నాకు హాయిగా ఉండేది. మాస్కులు పొయ్యినాక ఒక రోజు నా దగ్గర చదివిన పాప వాళ్ళమ్మ వచ్చి కానాగంతలు తిరగేస్తా, "టీచర్ గారు, మీరా?" అని ఆగిపోయింది. ఆమె కళ్ళల్లో జాలి కనపడింది. ఆ జాలి చూసినాక నా సిగ్గు ఎటు పోయిందో పోయింది. "నేనేనమ్మా. ఇవి పొద్దున వచ్చినవి, మొప్పలు చూడండి ఎంత ఎర్రగా ఉన్నాయో" అన్నాను. ఆమె కిలో తీసుకుని పోయింది. ఆ రోజు నుంచి నేను చేపలమ్మే మనిషినే, ఎవరి ముందైనా.

ఆ పాత షెడ్డు మీద నాకు పెద్ద మోజేమీ లేదు. రేకులు కారతా ఉండేవి. కాలవ పూడిపోయి, వానొస్తే నల్లనీళ్ళు మా కాళ్ళ కిందికే వచ్చేవి. ఎలుకలు ఉండేవి. ఆడవాళ్ళు ఒంటికి పోవాలంటే రైల్వే గోడ వెనక్కి పోవాల్సిందే. కొళాయి కావాలని, కాలవ తియ్యాలని, మరుగుదొడ్డి కట్టాలని అర్జీలు రాసింది నేనే. ఐదు అర్జీలు. ఒకదానికి కూడా జవాబు రాలేదు. కాబట్టి పాతదాన్ని పడగొడతామంటే నేను ఏడవలేదు. మమ్మల్ని అడగకుండా మమ్మల్ని మెట్లెక్కించినారే, అది నాకు మండింది.

ఇంకొకటి కూడా మండింది. లిస్టులో సాయిబు గారి పేరు లేదు.

షెడ్డు వాకిట్లోనే ఆయన చెక్క బంకు. గొడుగులు బాగుచేస్తాడు, తాళాలు బాగుచేస్తాడు, అన్నిటికంటే ముందు కత్తులు సానపడతాడు. ఆయన నాయన కూడా అక్కడే కూర్చుని అదే పని చేసినాడంట. పొద్దున మేము గంపలు దించే లోపల మా కత్తిపీటలన్నీ తీసుకుపొయ్యి, అంచు పెట్టి, ఎవరిది వాళ్ళ బండ మీద పెట్టేవాడు. అమ్మను "చెల్లెమ్మా" అంటాడు. అమ్మ "అన్నా" అంటుంది. ఆయనది బంకు కాబట్టి, బంకులకు పర్మిషన్ కాగితం లేదు కాబట్టి, మున్సిపాలిటీ లెక్కలో ఆయన ఆ మార్కెట్లో లేడు.

"నలభై ఏళ్ళు కూర్చున్నా గదా తల్లీ, ఇంక చాల్లే. ఇంట్లో కూర్చుంటా" అన్నాడు నాతో. చేతిలో కత్తి తిప్పుతానే ఉన్నాడు. ఆయన ఇంట్లో కూర్చునే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు.

మరుసటి సోమవారం మేము ఇరవై రెండు మందిమి మున్సిపల్ కమిషనర్ గారి ఆఫీసుకు పోయినాం. అమ్మను ఆటోలో తీసుకుపోయినాను. లోపలికి ఐదుగురే రావాలన్నారు. అమ్మ, నేను, రొయ్యల అక్క, ఇంకో ఇద్దరు పోయినాం. కమిషనర్ గారు మంచిగానే మాట్లాడినాడు. కుర్చీలు వేయించినాడు. అమ్మ కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని ఆమె భయం, ఆయనేమో కోపమొచ్చి నిలబడిందనుకున్నాడు.

"అమ్మా, అక్కడ టైల్స్ వేసినాం, లైట్లు పెట్టినాం. లిఫ్టు కూడా వస్తుంది. పెద్ద సిటీల్లో చేపలు ఏసీలో అమ్ముతున్నారు. మీరు కూడా కాలంతో పాటు మారాలి కదా" అన్నాడు.

అమ్మ ఊరుకుంటుందేమో అనుకున్నా. ఊరుకోలేదు.

"మేము మారంది ఎప్పుడు సార్?" అనింది. గొంతు పెంచలేదు. "మా అత్త ఉప్పు చేప నెత్తిన పెట్టుకుని నడిచొచ్చి అమ్మింది. నేను బస్సులో తెచ్చినా. కండక్టరు వాసనని దించేస్తే షేర్ ఆటో మాట్లాడుకున్నాం. తాటాకు గంప పొయ్యి ప్లాస్టిక్ టబ్బొచ్చింది, ఉప్పు పొయ్యి ఐసొచ్చింది. ఫోన్‌లో డబ్బులు పంపతామంటే ఆ బొమ్మ కూడా అంటించుకున్నాం బండ మీద. అన్నీ మేమే మారినాం, ఎవరూ చెప్పకుండానే. ఇప్పుడు మీరు చెప్పేది మారమని కాదు సార్, కనపడకుండా పొమ్మని."

కమిషనర్ గారు కాసేపు పెన్ను మూత తీసి పెట్టినాడు. తర్వాత, "కేటాయింపులు అయిపోయినాయమ్మా. కింది షాపులన్నీ వేలంలో పోయినాయి. నా చేతుల్లో లేదు" అన్నాడు.

"సాయిబు గారి సంగతి?" అని నేనడిగినా.

"ఎవరు?" అన్నాడు.

అంతే. బయటికొచ్చినాం.

ఆ మధ్యాహ్నం బేరాలు పల్చబడినాక షెడ్డులో అందరం కూర్చున్నాం. తలా ఒక మాట. కొందరు కోర్టుకు పోదామన్నారు. కొందరు లీడర్ ఇంటి ముందు కూర్చుందామన్నారు. ఒకామె, "ఎందుకొచ్చిన గోల, ఎక్కేద్దాం, అలవాటవుతుంది" అనింది. అందరూ ఆమె మీద పడినారు. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆమె చెప్పిందే చేద్దాం. ఎక్కుదాం."

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు.

"వాళ్ళు ఎక్కమన్నారు. ఎట్టా అమ్మతామో అట్నే, ఏం తగ్గకుండా ఎక్కుదాం. ఐసు, నీళ్ళు, కత్తిపీట, బూడిద, అన్నీ. ఓపెనింగ్ రోజే ఎక్కుదాం" అనింది అమ్మ.

రొయ్యల అక్కకు ముందుగా అర్థమైంది. ఆమె నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.

ఓపెనింగ్ రోజు పెద్ద హడావుడి. గేటుకు అరటి చెట్లు కట్టినారు. మైకు పెట్టినారు. నాయకులొచ్చి రిబ్బన్ కత్తిరించినారు. కింది అంతస్తులో మొదటి షాపు చీరలది, గాజు అద్దాలు, లోపల చల్లగా ఏసీ. అదే రోజు వాళ్ళూ తెరిచినారు. ఓనరు, నడివయసు మనిషి, తెల్ల చొక్కా వేసుకుని వచ్చినవాళ్ళందరికీ స్వీటు పెడతా ఉన్నాడు. మాక్కూడా పెట్టినాడు. మంచి మనిషే.

మేము గంపలెత్తినాం. వంజరం, సొర, కానాగంతలు, నెత్తళ్ళు, రొయ్యలు, పీతలు. ఆ రోజు పాటలో రోజూ కంటే ఎక్కువే తీసుకున్నాం. ఐసు కూడా ఎక్కువే వేసినాం. ఇరవై రెండు మందిమి వరసగా మెట్ల మీద. లిఫ్టు ఇంకా రాలేదు. ఇరవై ఆరు మెట్లు, మధ్యలో ఒక మలుపు. ఐసు గంపంటే మామూలు బరువు కాదు. నలుగురు అరవై దాటినవాళ్ళున్నారు. వాళ్ళ గంపలు మిగతావాళ్ళం రెండోసారి దిగొచ్చి మోసినాం. అమ్మను నేనూ రొయ్యల అక్కా చెరో పక్క పట్టుకుని ఎక్కించినాం. ప్రతి మెట్టుకూ ఆగింది. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. మలుపు దగ్గర కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, నేను చూసినట్టు తెలియకుండా తల తిప్పుకున్నా.

పైన నిజంగానే టైల్స్ వేసినారు. తెల్లటి టైల్స్, అందంగానే ఉన్నాయి. గంపలు దించినాం. కత్తిపీటలు వేసుకున్నాం. చేపలు కడిగినాం, కోసినాం. అప్పుడు తెలిసింది, ఆ అంతస్తులో నీళ్ళు పొయ్యే దారే లేదని. కాలవ లేదు, తూము లేదు. నీళ్ళు కాసేపు ఎటు పోవాలో తెలియనట్టు టైల్స్ మీద నిలబడినాయి. తర్వాత మెట్ల వైపు పోయినాయి. గోడ పక్క కరెంటు పైపుల కోసం ఒక సందు వదిలినారు, ఆ సందులోంచి కూడా దిగినాయి.

అరగంటకు కింద కేకలు మొదలైనాయి. చీరల షాపు ఓనరు మెట్లెక్కి వచ్చినాడు. తెల్ల చొక్కా భుజం మీద పెద్ద మరక. ఆ మరకలో రెండు పొలుసులు మెరస్తా ఉన్నాయి.

"ఏందమ్మా ఇది? నా షాపులోకి కారతా ఉండాది. పట్టు చీరలు ఉండాయి కింద" అన్నాడు.

అమ్మ కూర్చున్నచోట నుంచి, "రా నాయనా. నీకూ మాకూ ఒకటే కష్టం. మేము పైన ఉండాలని రాసింది ఎవరో, మా కింద నువ్వుండాలని రాసింది కూడా వాళ్ళే. పొయ్యి అడుగు" అనింది.

ఆయన మా వైపు చూసినాడు, నీళ్ళ వైపు చూసినాడు, గబగబా దిగిపొయ్యినాడు. పదినిమిషాల్లో మున్సిపాలిటీ ఇంజినీరును వెంటబెట్టుకొచ్చినాడు. ఇంజినీరు ఆడమనిషి. నాకంటే పదేళ్ళు చిన్నది, కొత్తగా వచ్చిందంట. చెప్పులు విడిచి, చుడిదారు అంచు పైకి పట్టుకుని, నీళ్ళల్లో నిలబడి చుట్టూ చూసింది.

"డ్రాయింగులో ఇక్కడ డ్రైనేజీ ఉండింది. నేను రాకముందే తీసేసినారు" అనింది మెల్లగా. తర్వాత ఆమె చేసిన పని నేనెప్పుడూ మరిచిపోను. రొయ్యల అక్క గంప దగ్గర వంగి, "ఇది ఎంత బరువుంటుందక్కా?" అని అడిగింది.

"ఎత్తి చూడమ్మా."

ఎత్తింది. మోకాళ్ళ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి లేవలేదు. దించేసి, చేతులు చూసుకునింది. "రోజూ ఇదే ఎక్కించాలా?" అనింది.

"రోజూ. వానొచ్చినా" అన్నాను నేను.

ఆమె ఫోన్ తీసి ఫోటోలు తీసుకునింది. నీళ్ళవీ, మెట్లవీ, సందువీ, మా గంపలవీ.

పైకి వచ్చి కొన్నవాళ్ళు ఆ రోజు మొత్తానికి నలుగురే. అందులో ఒకాయన రిటైరైన గుమాస్తా. మెట్లెక్కి ఆయాసపడతా వచ్చి, నెత్తళ్ళు తీసుకుని, "ఈ ఒక్కసారికే వచ్చినానమ్మా, రేపు రాలేను" అని చెప్పి పొయ్యినాడు. పదకొండు దాటినాక మేము గంపలు దించుకుని కిందికొచ్చి, గేటు బయట రోడ్డు పక్కన కూర్చున్నాం. గంటలో అన్నీ అమ్ముడుపొయ్యినాయి. పోలీసు వచ్చి, "ఈడ కూర్చోకూడదు, పైన ఇచ్చినారు కదా" అన్నాడు. "ఎక్కమన్నారు, ఎక్కినాం సార్. కొనేవాళ్ళు ఎక్కలేదు" అన్నాను. ఆయనకు ఏం రాయాలో తెలియక, ఆ రోజుకు మాత్రం వదిలేసినాడు.

వారం రోజులు అట్నే గడిచింది. మరుసటి రోజు నుంచి మళ్ళా పాత షెడ్డులోనే కూర్చునేవాళ్ళం. కొత్త భవనంలో సంతకం పెట్టమంటే పెట్టేవాళ్ళం కాదు. ఎనిమిదో రోజు పొద్దున మేము ఒడ్డున పాటలో ఉండంగా సాయిబు గారు ఫోన్ చేసినాడు. ఫోన్‌లో ఆయన మాటకంటే ముందు యంత్రం శబ్దం వినపడింది.

"కొట్టేస్తున్నారు తల్లీ" అన్నాడు.

మేము పోయేసరికి షెడ్డు లేదు. రేకులు ఒక పక్క కుప్ప. స్తంభాలు విరిగి ఇనప కమ్మీలు బయటికొచ్చినాయి. బండలు మూడు నాలుగు ముక్కలైనాయి. మా బండ రెండుగా చీలింది. ఇన్నేళ్ళూ చేపలు జారి నున్నగా అయిన వైపు పైకి తిరిగి పడింది. సాయిబు గారు బంకు సామానంతా ఒక దుప్పట్లో మూటగట్టుకుని రోడ్డు పక్కన నిలబడున్నాడు. బంకు లేదు. సాన చక్రం మాత్రం చంకలో పెట్టుకున్నాడు.

నేను ఏడుస్తా ఉంటే అమ్మ నా భుజం మీద చెయ్యేసి దిగింది ఆటోలోంచి. చుట్టూ చూసింది. ఆమె మొహం నాకు అర్థం కాలేదు. కాసేపటికి, "ఐసు కరిగిపోతుంది. గంపలు దించండి" అనింది.

"యాడ దించాలమ్మా?"

"యాడ కూర్చునేవాళ్ళమో ఆడే."

ఇటుక ముక్కలు కాళ్ళతో పక్కకు నెట్టినాం. గోనెపట్టలు పరిచినాం. చీలిన బండ పైముక్క మీద అమ్మను కూర్చోబెట్టినాం. యంత్రం నడిపే మనిషి దాన్ని ఆపి, మా వైపు చూస్తా బీడీ వెలిగించుకున్నాడు. మమ్మల్ని లెయ్యమని ఎవరూ అనలేదు. అనుంటే లేచేవాళ్ళం కూడా కాదు. సాయిబు గారు దుప్పటి విప్పి, మా పక్కనే సాన చక్రం పెట్టుకుని, "కత్తులు ఇవ్వండమ్మా" అన్నాడు.

జనం వచ్చినారు. ఇటుకల మీద కాలు జారకుండా ఒకర్నొకరు పట్టుకుని వచ్చినారు. నాకు తెలిసినవాళ్ళు వచ్చినారు, తెలియనివాళ్ళు వచ్చినారు. ఒక పెద్దాయన చేపలు తీసుకున్నాక కదలకుండా అక్కడే నిలబడినాడు. "ఏం కావాలన్నా?" అంటే, "ఏం లేదమ్మా, ఉంటా కొంచేపు" అన్నాడు. అట్టా ఉన్నవాళ్ళు ముప్పై మంది దాకా అయినారు. చీరల షాపు ఓనరు కూడా వచ్చి రోడ్డవతల నిలబడినాడు. ఆయన మా కోసం రాలేదని నాకు తెలుసు. చేపలు మళ్ళా తన నెత్తిన ఎక్కకూడదని వచ్చినాడు. ఎందుకొచ్చినా వచ్చినాడు కదా, ఆ మాత్రం చాలు మాకు.

పదకొండు రోజులు ఆ ఇటుకల మీదనే అమ్మినాం. దుమ్ము చేపల మీద పడకుండా తడిగుడ్డ కప్పి అమ్మినాం. శ్రీహరికోటలో రాకెట్టు పైకి పొయ్యిన పూట కూడా అక్కడే ఉన్నాం. అందరూ తల పైకెత్తి చూసినాం. "అదైతే మేడ ఎక్కింది చూడు" అని రొయ్యల అక్క అనింది. ఆ పదకొండు రోజుల్లో మేము గట్టిగా నవ్వింది ఆ ఒక్కసారే.

పన్నెండో రోజు కమిషనర్ గారు తనే వచ్చినాడు. వెంట ఇంజినీరమ్మ. ఆమె చేతిలో చుట్టిన పేపరుంది. ఇటుకల మీదనే విప్పి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి చూపించింది. కొత్త భవనం వెనక బండ్లు పెట్టుకునే చోటులో సగం మాకు. నేలమీద. కాలవ ఉంటుంది, రెండు కొళాయిలుంటాయి, పైన రేకు. మేము ఎక్కాల్సిన మెట్టు ఒక్కటి కూడా లేదు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కూడా గీసింది. ఆమె రాత్రుళ్ళు కూర్చుని గీసిందో, పగలు గీసిందో నాకు తెలియదు గానీ, మా బండల ఎత్తు కూడా కొలిచి రాసింది. వంగకుండా కూర్చునే ఎత్తు.

"కానీ పద్నాలుగు బండలే పడతాయి" అన్నాడు కమిషనర్ గారు. "ఇరవై రెండు కుదరదు. ఎవరెవరో మీరే తేల్చుకోండి. లిస్టు ఇవ్వండి."

మమ్మల్ని మాలో మేము కొట్టుకోమని వదిలేసి పొయ్యినట్టు అనిపించింది. ఆ సాయంత్రం నిజంగానే గొడవలైనాయి. నేను ముందు వచ్చినా, నేను ముందు వచ్చినా అని. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేసినారు. రొయ్యల అక్క, "నాది చిన్న సరుకు, నన్ను తీసెయ్యండి" అనింది, ఏడుస్తా. నాకు కోపమొచ్చింది. బళ్ళో పిల్లలు బెంచీ చాలకపోతే ఏం చేస్తారో ఎన్నిసార్లు చూసినానో. జరుగుతారు. అంతే కదా.

కాగితం తీసుకుని రాసినా. ఇరవై రెండు పేర్లు. బండ ఒకటికి ఇద్దరు చొప్పున పదకొండు బండలకు అందరూ సరిపోయినారు, ఇంకా మూడు మిగిలినాయి. మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చోవాలి, అంతే. మిగిలిన మూడింట్లో రెండింటిని ముసలివాళ్ళకు విడిచినా, వాళ్ళకు చోటు ఎక్కువ కావాలి. చివరిదాని ఎదురుగా ఇరవై మూడో పేరు రాసినా. సాయిబు గారిది. వృత్తి అనే చోట ఏం రాయాలా అని ఆలోచించి, అందరికీ రాసిందే రాసినా. చేపల వ్యాపారం.

కమిషనర్ గారు లిస్టు చదివి ఆ పేరు దగ్గర ఆగినాడు. "ఈయన చేపలమ్ముతాడా?"

"ఆయన లేకుండా మేము అమ్మలేం సార్" అన్నాను.

"అది కాదు నేనడిగింది."

"నేను చెప్పేది అదే సార్. ఆ పేరు తీసేస్తే మిగతా ఇరవై రెండు కూడా తీసెయ్యండి. రేపు మళ్ళా ఇటుకల మీద కూర్చుంటాం."

ఇంజినీరమ్మ కిటికీ వైపు చూస్తా నిలబడింది. ఆయన లిస్టు ఇంకొకసారి పైనుంచి కిందికి చూసినాడు. తర్వాత సంతకం పెట్టినాడు.

కొత్త చోటుకు పొయ్యి సంవత్సరం దాటింది. అన్నీ బాగున్నాయని చెప్పలేను. వెనకవైపు కాబట్టి కొత్తవాళ్ళకు మేమున్నట్టు తెలియదు. కొంతమంది ఫోన్‌లో తెప్పించుకుంటున్నారు, సంచిలో పెట్టి, కోసి, వాకిట్లోకి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇప్పుడు ఒకే బండ మీద కూర్చుంటారు, మాట్లాడుకోరు. అమ్మ వారానికి రెండు రోజులే వస్తుంది. వచ్చిన రోజు మాత్రం ఎవరినీ ఆ కత్తిపీట ముట్టనివ్వదు. మేడ మీద ఆ తెల్ల టైల్స్ హాలు ఖాళీగా ఉంది. ఏదో కోచింగ్ సెంటరుకు ఇస్తారంట.

మరుగుదొడ్డి కట్టినారు. డ్రాయింగులో ఉన్నట్టే, కొళాయితో సహా. కట్టి తాళమేసినారు. తాళంచెవి కింది షాపుల సంఘం దగ్గర ఉంది. కస్టమర్ల కోసమంట, చేపల చేతులతో పాడైపోతుందంట. రెండు అర్జీలు పెట్టినాను. జవాబు లేదు. పోయిన శుక్రవారం మేము ఇరవై రెండు మందిమి పొయ్యి ఆ తలుపు ముందు కూర్చున్నాం. గంపలతో సహా, షాపులకు వచ్చేవాళ్ళు దాటుకుని పోవాల్సిన చోట. వాచ్‌మన్ వచ్చి, "ఎంతసేపు కూర్చుంటారమ్మా?" అని అడిగినాడు.

"మాకు పనుందయ్యా, తొందరగా తెప్పించు" అన్నాను.

మధ్యాహ్నానికి తాళంచెవి వచ్చింది. ఒక్క రోజుకే అని చెప్పి ఇచ్చినారు. ఆ రోజే సాయిబు గారు దాన్ని చూసి ఇంకొకటి చేసినాడు. అసలుది తిరిగిచ్చేసినాం. ఆ రెండోది ఇప్పుడు నా దగ్గరే ఉంది, మా బండ పక్క మేకుకు తగిలించి. అడగడానికి వస్తే ఏం చెప్పాలో అందరం అనుకుని పెట్టుకున్నాం.